తెఱచి విడిచిన వాకిలి



యునిక్సు అను కంప్యూటరు ఏర్పాటునందు, లోనికి వచ్చి పని చేయక విడిచిపోయినవానిని యంత్రము తనంతట తానే బయటికి పంపి తలుపు వేసికొను పద్ధతి యొకటి కలదు. నేటి ప్రసంగము దానిని గూర్చి. ముప్పదియైదేండ్లు పిల్లలచే శబ్దమంజరియు, అమరకోశమును వల్లె వేయించిన పంతులకు ఈ యంత్రముల గొడవ యేల యని మీలో కొందఱు నవ్వుకొందురేమో. మన పొలముల అడంగళ్లు, వృద్ధుల పింఛను పట్టికలు, బ్యాంకులందలి నిలువలు, మనుమల పరీక్షా ఫలితములు ఇప్పుడు కాగితపు కట్టలలో గాక కంప్యూటర్లలో నున్నవి. అట్టి కంప్యూటర్లలో పెక్కింటిని నడపునది యునిక్సు గాని, దాని పోలికన బుట్టిన లినక్సు గాని యై యున్నది. పెట్టె మనది కాకపోయినను పెట్టెలోని సొమ్ము మనది. దాని గొళ్లెము సంగతి మన మెఱిగియుండుట యనవసరము కాదు.

ఈ విషయమున నాకు గురువు మా మేనల్లుడు. అతడు విశాఖపట్టణమున ఒక సంస్థలో ఇట్టి యంత్రములకు కావలి యుద్యోగము చేయుచున్నాడు. సిస్టం అడ్మినిస్ట్రేటరు అని ఆ యుద్యోగమునకు పేరు. వేసవిలో వాని యింట ఒక నెల యుంటిని. వాడు చెప్పగా వింటిని, ప్రక్కన గూర్చుండి చూచితిని, సందేహము వచ్చినచోట నడిగితిని. మేనమామను గనుక వానికి విసుగుకొన వీలులేకపోయెను.

మొదట ఈ యేర్పాటు పుట్టుక చెప్పవలెను. 1960 ప్రాంతమున అమెరికాలో కంప్యూటరనగా ఒక పెద్ద గది నిండ నుండు యంత్రము. దాని వెల లక్షల డాలర్లు. ఒక్కడు దాని ముందు గూర్చుండి తల గోకికొనుచు ఆలోచించుచుండగా అంత వెల గల యంత్రము ఊరక నుండుట గొప్ప నష్టము. కావున 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బటో అను నాతడును, అతని తోడివారును ఒక యుపాయమును నడిపి చూపిరి. ఒకే యంత్రమునకు పెక్కు టైపు యంత్రములను తగిలించి, ఒక్కొక్కని పనికి రెప్పపాటు కాలము చొప్పున వంతులు వేసి పంచుటయే ఆ యుపాయము. పెండ్లి పంక్తిలో వడ్డించువా డొక్కడే యైనను, వానికి చేతివేగము మెండుగా నున్నచో ఏ విస్తరియు వట్టిది కాదు. ప్రతి యతిథియు వాడు తన కొఱకే నిలిచియున్నాడని తలచును. అట్లే ఆ యంత్రము ముందు గూర్చున్న ప్రతివాడును యంత్రము తన యొక్కనిదే యనుకొనెడివాడు.

ఆ మార్గముననే 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యను వారు యునిక్సునకు మొదలు పెట్టిరి. దాని వంశమును, శాఖలను చెప్పబూనినచో ఈ పూట చాలదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు దాని పోలికతో క్రొత్తగా వ్రాయ మొదలిడినది లినక్సు అనియు, 2017 నవంబరు నాటి పట్టికలో ప్రపంచమున మిక్కిలి బలము గల 500 కంప్యూటర్లును లినక్సుతోనే నడచుచుండెననియు మాత్రము తెలిసికొన్న చాలును.

యునిక్సులో యంత్రపు పనులన్నింటిని లోపలనుండి నడపు భాగమునకు కెర్నెల్ అని పేరు, అనగా పప్పు. దాని చుట్టు నుండి మన మాట విని లోనికి చేరవేయు భాగమునకు షెల్ అని పేరు, అనగా పెంకు. కొబ్బరికాయను తలచుకొనుడు. షెల్లు తెరపై నొక చిన్న గుర్తు నుంచి, ఏమి సెలవు అన్నట్లు వేచియుండును. మనము ఒక పంక్తి వ్రాసి ఎంటర్ మీట నొక్కినయెడల ఆ పని చేయించి, మరల గుర్తు నుంచి వేచియుండును. దానికి విసుగు లేదు. ఎవరును ఏమియు చెప్పనిచో తెల్లవార్లు అట్లే వేచియుండును. మన కథ యంతయు ఈ వేచియుండుటలోనే యున్నది.

లోనికి వచ్చుటను లాగిన్ అనియు, వెళ్లిపోవుటను లాగౌట్ అనియు నందురు. లాగ్ అను ఆంగ్లపదమునకు దుంగ యని యర్థము. పూర్వము ఓడవారు ఓడ వేగమును కొలుచుటకు త్రాటికి గట్టిన కొయ్యముక్కను నీటిలో విడిచి, త్రాడెంత సాగెనో చూచి, ఆ లెక్కను ఒక పుస్తకమున వ్రాసికొనెడివారు. దానికి లాగుబుక్కని పేరు వచ్చెను. క్రమముగా ఏ చిట్టా పుస్తకమునకైనను ఆ పేరే నిలిచెను. కాబట్టి లాగిన్ అనగా వచ్చితినని చేవ్రాలు చేయుట, లాగౌట్ అనగా వెళ్లుచున్నానని చేవ్రాలు చేయుట. కొయ్యముక్క నీటినుండి పుస్తకములోనికిని, పుస్తకమునుండి యంత్రములోనికిని ప్రయాణము చేసినది. మాటల పుట్టుక వెదకుట నాకు పాత జబ్బు. మీరు మన్నింతురు గాక. యునిక్సు ఈ హాజరుపట్టీని నిజముగనే ఉంచుకొనుచు వచ్చినది. ఇప్పుడు లోపల నెవరున్నారో ఒక ఫైలులోను, ఎవ రెప్పుడు వచ్చి యెప్పుడు పోయిరో మఱియొక ఫైలులోను వ్రాయబడుచుండును.

తొలి దినములలో, ఊరకున్నవానిని పంపివేయవలెననుటకు కారణము చోటు చాలమి. యంత్రమునకు తగిలించిన టైపు యంత్రములు కొన్నియే; దూరమునుండి వచ్చు టెలిఫోను తీగెలు కొన్నియే. ఒకడు లోనికి వచ్చి, చేవ్రాలు చేసి, భోజనమునకు పోయినచో, ఆ తీగె అంతసేపును మఱియొకనికి దక్కదు. బావికడ చేద నొక్కతె పట్టుకొని కబుర్లాడుచు నిలిచినచో తక్కినవారి బిందెలు నిండవు గదా. చేద నందుకొనుటయే అప్పటి ధర్మము. ఆ కాలము గడచిపోయినది. ఇప్పుడు చేదలు కొల్లలు. ఒక్కొక్క బల్లపై నొక్కొక్క కంప్యూటరు. అయినను ఆ నియమము పోలేదు, సరికదా మఱింత బలపడినది. కారణము మాత్రము మాఱినది. వెనుక చోటు కొఱకు పంపిన యంత్రము, నేడు అధికారమునకు వెఱచి పంపుచున్నది.

ఇది కొంచెము విప్పి చెప్పవలెను. మీరు సంకేతపదము చెప్పి లోనికి పోయిన తరువాత షెల్లు మీ మొగము చూడదు, కంఠము వినదు. మీటలపై నాడు వ్రేళ్లు ఎవరివో దానికి పట్టదు. ఎవరు నొక్కినను మీరు నొక్కినట్లే లెక్క. యునిక్సులో సామాన్యులకు తమతమ హద్దులున్నవి. ఒకని ఫైళ్లను మఱియొకడు చెఱుపరాదు. కాని రూట్ అను పేరుతో లోనికి వచ్చినవానికి హద్దులు లేవు. రూట్ అనగా వేరు. చెట్టెంత యున్నను వేరు వాని చేతిలో నుండును. అట్టి పేరుతో వాకిలి తెఱచి ఆసనము విడిచిపోవుట, కరణముగారు మొహరును, సంతకము చేసిన తెల్లకాగితములను అరుగుమీద పెట్టి సంతకు పోవుట వంటిది.

మా మేనల్లుడు మునుపు పనిచేసిన ఒకచోట జరిగిన సంగతి వినుడు. అచ్చట ఒక పెద్ద యుద్యోగి ఉదయము జనులు రాకముందే రూట్ పేరుతో లోనికి వచ్చి, దస్తావేజులను నమోదు చేయు కార్యక్రమమును ఒకమాఱు ఆపి మరల నడిపించెను. అట్లు చేయుట నియమమే. పిమ్మట ఆ ఆసనమందే తక్కిన పని చూచుకొని, పదునొకండు గంటలకు కాఫీకై లేచిపోయెను. తలుపు తెఱచియే యున్నది. ఆయన మెట్లు దిగక మునుపే, పని నేర్చుకొనుటకు వచ్చిన యొక కుఱ్ఱవాడు ఆ కుర్చీలో గూర్చుండెను. రెండు బల్లలు, రెండు తెరలు, రెండును ఒక్క తీరు. వాడు తన దనియే యనుకొనెను. షెల్లునకు జ్ఞాపకశక్తి గలదు. పై బాణపు మీట నొక్కినచో క్రిందటి యాజ్ఞను తిరిగి తెరపైకి దెచ్చును. కుఱ్ఱవాని క్రిందటి యాజ్ఞ ఫైళ్ల పేర్లు చూపుమనుట. అదే వచ్చునని తలచి, చూడకయే బాణము నొక్కి, ఎంటర్ నొక్కెను. వచ్చినది పెద్దాయన యాజ్ఞ. నమోదు కార్యక్రమము మధ్యాహ్నపు రద్దీలో నిలిచిపోయి మరల మొదలాయెను. అప్పుడు వ్రాయుచున్న గుమాస్తా లందఱి యెదుట తెరలు తెల్లబోయినవి. ముగింపక యున్న నమోదులన్నియు పోయినవి.

చెఱుపవలెనను బుద్ధి ఎవరికిని లేదు. అయినను చిట్టాలో పేరెవరిది? పెద్దాయనది. పదునొకండు గంటలకు రూట్ ఈ యాజ్ఞ యిచ్చెనని యంత్రము వ్రాసికొన్నది, ఆ రూట్ ఆయనయే యని ఉదయపు చేవ్రాలు చెప్పుచున్నది. ఆయన కాఫీ త్రాగుచుంటిననగా నమ్మినవారు తక్కువ. సంజాయిషీ వ్రాయవలసి వచ్చెను. కుఱ్ఱవాడు భయముచే రెండు దినములు నోరు మెదపక, మూడవనాడు తానే వచ్చి చెప్పెను. చెప్పకపోయినచో ఆ వృద్ధునకు ఉద్యోగాంతమున ఒక మచ్చ నిలిచియుండెడిది. చేసినవా డొకడు, పేరు మఱియొకనిది. దొంగతనముకంటె నాకు ఈ పొరపాటు భయంకరముగా తోచినది. దొంగ యని యెఱిగిన నేరమునకు విచారణ కలదు. ఎవరును దొంగ కాని చోట విచారణ యెవరిమీద?

అటుపిమ్మట ఆ సంస్థవారు మేల్కొని, ఊరకున్నవానిని పంపివేయు నియమమును పెట్టిరి. అది యెట్లు పెట్టుదురో చెప్పెదను. బాష్ అను షెల్లు లినక్సులో మిక్కిలి వాడుకలో నున్నది. 1989లో బ్రయన్ ఫాక్సు అను నాతడు దానిని వెలువరించెను. అందులో టీఎంఔట్ అను నొక చలరాశి గలదు. బీజగణితమున మనము య అను నక్షరమునకు విలువ నిచ్చినట్లు దానికి ఒక సంఖ్య నిచ్చినచో, షెల్లు గుర్తు నుంచి అన్ని సెకనులు వేచియుండి, అంతలో ఆజ్ఞ రాకపోయినయెడల, కాలము తీఱినదని ఒక ముక్క వ్రాసి తానే ముగిసిపోవును. 900 అని యిచ్చినచో పదునైదు నిమిషములు. మన లెక్కలో ముప్పదియేడున్నర విఘడియలు. ఘడియ యనగా 1,440 సెకనులు గనుక ఘడియలో సగముకంటె కొంచె మెక్కువ. ఎవడైన తన సొంత ఫైలులో ఈ సంఖ్య వ్రాసికొనినచో అది వాని కొక్కనికే వర్తించును. కావలివాడు ఈటీసీ అను చోట నున్న ప్రొఫైల్ అను ఉమ్మడి ఫైలులో వ్రాసినచో లోనికి వచ్చు నందఱికిని వర్తించును. వ్రాసి, దానిప్రక్క రీడ్ఓన్లీ యని చేర్చును. అనగా చదువవచ్చును గాని మార్చరాదని. చేర్చనిచో మఱునాటికే ప్రతివాడును దానిని సున్న చేసికొనును.

కార్న్ షెల్లు అని యింకొకటి గలదు. బెల్ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ కార్న్ దాని కర్త. అందును ఇదే చలరాశి యున్నది గాని అది మర్యాద యెఱిగినది. కాలము తీఱగానే పంపివేయక, అఱువది సెకనులలో ముగియబోవుచున్నానని ముందుగా హెచ్చరించి, ఆ నిమిషము గడచిన పిమ్మటనే వెడలును. బాష్‌కు ఆ హెచ్చరిక లేదు. టీసీ షెల్లు అను మఱియొక దానికి ఈ యేర్పాటు నిమిషములలో నుండును. లోనికి వచ్చునప్పటి షెల్లునందును, రూట్ షెల్లునందును ఎవరును చెప్పకయే అఱువది నిమిషము లని యది పెట్టుకొనియుండును. అయితే చిత్రములు గల కిటికీల తెరపై నున్నప్పుడు మాత్రము తనంతట పెట్టుకొనదు. ఒక్క పనికి మూడు షెల్లులు మూడు తీరులు. వ్యాకరణమున వికల్పములు చూచి విసుగుకొను విద్యార్థులకు ఇది చూపవలెను.

ఆ సంస్థవారు కోపమున నుండిరి గనుక పెట్టిన సంఖ్య 120. రెండు నిమిషములు. కోపమున పెట్టిన నియమము ఎట్లుండునో మా పాఠశాలలోను నేను చూచియున్నాను. గంట కొట్టిన క్షణమున గేటు మూసినచో పిల్లలు గోడ దూకుట నేర్తురు. ఇచ్చటను అదియే జరిగెను.

టీఎంఔట్ కొలుచునది ఏమి? మనుష్యుడు ఎదుట నున్నాడా లేడా యని అది కొలువదు. గుర్తు నుంచిన తరువాత ఒక పూర్తి పంక్తి వచ్చినదా లేదా యని మాత్రమే కొలుచును. సగము వ్రాసిన పంక్తి దానికి లెక్కలోనిది కాదు. అచ్చట ఒక పెద్ద వయసు ఉద్యోగిని, మీటలను వెదకి వెదకి కొట్టునది, పొడుగైన యాజ్ఞ నొకదానిని జాగ్రత్తగా వ్రాయుచుండగా, వ్రేలు మీటపై నుండగనే, రెండు నిమిషములు తీఱి షెల్లు ముగిసిపోయెనట. ఆమె ఊరక నున్నదని యెవ డనగలడు? తొందరపాటు లేక చదివి చూచుకొని వ్రాయువారికే ఆ శిక్ష పడినది.

మఱియొక వైపు చూడుడు. షెల్లు ఏదేని కార్యక్రమమును నడిపించుచున్నప్పుడు, అది ముగియువఱకును గుర్తు నుంచదు. గుర్తు లేనప్పుడు గడియారమును నడువదు. వీఐ అను వ్రాతపలకను తెఱచి యుంచి ఇంటికి పోయినను, టీఎంఔట్‌కు ఆ సంగతి తెలియదు. తెరపై లెక్కలను మార్చి మార్చి చూపు కార్యక్రమము నొకదానిని నడిపి విడిచినను అంతే. నెల తిరుగక మున్నే ఆ కార్యాలయమున అందఱును లేచునప్పుడు వీఐని తెఱచి లేచుట నేర్చిరి. రెండు నిమిషముల నియమమునకు ముందు అప్పుడప్పుడు తెఱచియుండిన వాకిళ్లు, నియమము తరువాత ఎల్లప్పుడు తెఱచియుండెను. వీఐలోనుండియే షెల్లునకు ఆజ్ఞ లిచ్చు మార్గము గలదని చెప్పినచో ఆ వాకిలి యెంత వెడల్పో మీకు తెలియును.

ఒక యుద్యోగి, దూరమునుండి యంత్రమును చేరు ఎస్సెస్సెచ్ అను మార్గమున, క్లయింట్ అలైవ్ అను నేర్పాటు గలదు గదా, దానిని పెట్టినచో చాలునని సలహా యిచ్చెనట. మా మేనల్లుడు ఈ మాట చెప్పి నవ్వెను. ఇది చాలమంది పడు భ్రమ. ఆ యేర్పాటు అడుగు ప్రశ్న అవతలి యంత్రము బ్రతికియున్నదా యని. మనుష్యుడు కుర్చీలో నున్నాడా యని కాదు. కుర్చీ ఖాళీగా నున్నను అవతలి యంత్రము తానే ఉన్నాను ఉన్నానని బదులు పలుకుచుండును. తీగె తెగినప్పుడు తెలిసికొనుటకు అది పనికివచ్చును, మనిషి లేచిపోయినప్పుడు కాదు. 2023లో వెలువడిన ఓపెన్ ఎస్సెస్సెచ్ 9.2లో, మార్గమున రాకపోకలు లేనిచో ఆ మార్గమును మూయు క్రొత్త యేర్పాటు చేర్చిరి. అదియును రాకపోకలనే చూచును, మనిషిని చూడదు.

ఇంక పోయిన పనుల మాట. కొన్ని లెక్కలు గంటలకొలది సాగును. రాత్రి మొదలిడి ఉదయము ఫలితము చూచుకొనవలెను. తీగె తెగినప్పుడు గాని, తెర మూసికొనినప్పుడు గాని యునిక్సు అందు నడచుచున్న పనులకు హ్యాంగప్ అను సంకేతమును పంపును. టెలిఫోను కొక్కెమున తగిలించుట యని దాని యర్థము. తీగెలతో పనిచేసిన కాలపు మాట యింకను చావలేదు. ఆ సంకేతము వినగానే సాధారణముగా పని చచ్చును. దానిని వినకుము అని ముందే చెప్పి పని నడుపుటకు నోహప్ అను నాజ్ఞ గలదు. 1987లో వచ్చిన స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ అనునవి అంతకంటె మేలైనవి. అవి పనిని తమ యొడిలో పెట్టుకొని, మనము బయటికి పోయినను నడిపించుచు, మరల వచ్చినప్పుడు అప్పగించును. వాకిలి మూయవలెనని చట్టము చేయువాడు, లోపల పొయ్యిమీద నున్న అన్నము మాడకుండు మార్గము కూడ చూపవలెను గదా. ఆ సంస్థవారు మొదట చూపలేదు. ఒకరిద్దఱి రాత్రి లెక్కలు మాడినవి.

చివరకు మా మేనల్లుడును, ఆ సంజాయిషీ వ్రాసిన పెద్దాయనయు కలిసి పైవారికి నచ్చజెప్పిరి. సంఖ్యను 900 చేసిరి. కార్డుల మీద చెల్లింపులు జరుపు వ్యాపారమునకు ఏర్పడిన అంతర్జాతీయ భద్రతా నియమములలో పదునైదు నిమిషములు మించి ఊరకున్నచో మరల సంకేతపదము అడుగవలెనని యున్నది. వీరును దానినే పట్టుకొనిరి. రూట్ పేరుతో నేరుగా లోనికి వచ్చుట మాన్పించి, సొంత పేరుతో వచ్చి, పని పడినప్పుడు మాత్రము సూడో అను నాజ్ఞచే ఆ యొక్క పనికి అధికారము తెచ్చుకొనవలె ననిరి. టీమక్స్ నేర్పిరి. సంఖ్య యెంతయో, ఏల పెట్టితిమో కాగితముమీద వ్రాసి గోడకు అంటించిరి. నా దృష్టిలో తక్కిన వన్నియు ఒక యెత్తు, ఈ గోడకాగిత మొక యెత్తు. తెలియని నియమము దెబ్బవలె తగులును.

అయినను ఒక మాట నేను మేనల్లునితో వాదించితిని. పదునైదు నిమిషములే గాదు, ఆ రెండు నిమిషముల నియమము ముందే యున్నను ఆనాటి కుఱ్ఱవానిని ఆపియుండెడిదా? పెద్దాయన మెట్లు దిగక మునుపే వాడు కూర్చుండెను. నిమిషమైన గడవలేదు. వాడు మొగము చిన్నబుచ్చుకొని, లేదు మామయ్యా, ఆపదు అని యొప్పుకొనెను. మఱి యెందులకు? మధ్యాహ్నము మఱచిపోయినది రాత్రివఱకు తెఱచి యుండకుండుటకు, శనివారము మఱచినది సోమవారమువఱకు సాగకుండుటకు. ఊరిలో తలారి తిరుగుచున్నాడని మనము గొళ్లెము పెట్టుట మానము. లేచునప్పుడు కంట్రోల్ మీటతో డీ మీట నొక్కినచో చాలును, షెల్లు సెలవు పుచ్చుకొనును. పని మధ్యలో నున్నచో తెరకు తాళము వేయు వీలాక్ వంటి కార్యక్రమము లున్నవి. అది ఒక్క క్షణపు పని. ఆ క్షణము యంత్రము మనకొఱకు చేయలేదు. ఏలయనగా లేచుచున్నామని దానికి మనము చెప్పుట లేదు.

ఇప్పుడు పనిచేయు చోట మా మేనల్లుడు సాయంకాలమున ఇంటినుండియే ఒకమాఱు హాజరు చూచును. ఒకనాడు నన్ను పిలిచి చూపెను. హూ అను నాజ్ఞ కొక చిన్న గుర్తు చేర్చి యడిగినచో, లోపల నున్నవారి పేర్లతోబాటు ఎవరెంతసేపటినుండి మీట నొక్కలేదో యంత్రము చెప్పును. ఈ నిమిషమున పనిచేయువాని కెదుట ఒక చుక్క. తక్కినవారికి గంటలు, నిమిషములు. ఒక దినము దాటినచో అంకెలు మాని ఓల్డ్ అని వ్రాయును, అనగా పాతబడెనని. ఆ పట్టికలో నైదు పేర్లున్నవి. నాలుగింటి కెదుట చుక్కలు. ఐదవదాని కెదుట ఓల్డ్. మా పింఛనుదారుల పట్టిక యనుకొంటిని.

ఆ యుద్యోగి నాలుగు దినముల క్రిందట బదిలీమీద మఱియొక యూరికి పోయినవాడట. వీఐ తెఱచి విడిచిపోయెను గనుక టీఎంఔట్ వానిని తాకలేదు. మేనల్లుడు వెంటనే మూయక, ముందు టెలిఫోను చేసెను. అవతలనుండి ఆతురతతో, ఆగుము తమ్ముడూ, అందులో యంత్రములు అప్పగించిన జాబితా సగము వ్రాసియుంచితిని, క్రొత్తవానికి అదియే యాధారము, ఫైలులో దాచుట మఱచితిని అనెను. వీడు, భయము లేదన్నా, వీఐ హ్యాంగప్ విన్నప్పుడు తన చేతిలోని వ్రాతను ప్రక్కన దాచి మఱి పోవునని చెప్పి, ఆ సంకేతమును పంపెను. పట్టికలో నాలుగు పేర్లే మిగిలినవి. పిమ్మట కావలివానికి గల యధికారముతో వీఐని ఆర్ అను గుర్తుతో తెఱచి, దాచినదానిని తిరిగి అడిగెను. తెరపై ఇరువదిమూడు యంత్రముల పేర్లు వరుసగా వచ్చినవి. ఇరువదినాలుగవ పంక్తిలో మాట సగముననే తెగియున్నది, ఆ మనుష్యుడు బదిలీ కాగితము నందుకొని లేచిన చోట.